ఫుట్‌బాల్ ఊళ్ళో హోటల్ పెట్టారా? ఆటగాళ్ళకి ఊరికే మాత్రం పెట్టకండి

ప్రశ్న: గ్రీన్ కార్డు వచ్చాక మావారూ నేనూ కలిసి అమెరికా దక్షిణాదిలో ఒక యూనివర్సిటీ ఊళ్ళో నడుస్తున్న ఇండియన్ రెస్టారెంట్ కొన్నాం. ఫుట్‌బాల్ టీమ్ కుర్రాళ్ళు నలుగురైదుగురు వారం వారం వస్తారు. వాళ్ళకి బిల్లు వెయ్యకుండా, ఫోటోలు తీసి గోడకి పెట్టుకుందామనుకున్నాం. పక్క షాపాయన మాత్రం "ఆ పని చెయ్యకండి, టీమ్‌కి శిక్ష పడుతుంది" అంటున్నాడు. బిర్యానీ పెడితే శిక్షేమిటండీ? ఇప్పుడు ఆటగాళ్ళకి లక్షల డాలర్లు ఇస్తున్నారని కూడా వింటున్నాం కదా!

జవాబు: పక్క షాపాయన మాట వినండమ్మా. బిర్యానీ పెట్టినందుకు పోలీసులేమీ రారు. కానీ మీరు ఊరికే పెట్టిన ప్లేటుకి సమాధానం చెప్పుకోవలసింది ముందు ఆ కుర్రాడు, తర్వాత వాడి టీమ్. వాణ్ణి నాలుగు ఆటలు కూర్చోబెట్టారంటే ఊరంతా మీ హోటల్ పేరు చెప్పి మరీ తిట్టుకుంటుంది. లక్ష మంది పట్టే స్టేడియాలు కట్టుకున్న జనం వీళ్ళు. ఈ ఆట విషయంలో వాళ్ళకి మతిమరుపు ఉండదు.

కాలేజీ ఆటల మీద పెత్తనం ఎన్‌సీఏఏ అనే సంస్థది. టీమ్‌ని బయటి నుంచి డబ్బుతో, పరపతితో మోసేవాళ్ళని బూస్టర్లు అంటారు. మనవాళ్ళు బూస్టరంటే పెద్ద పెద్ద ఆయిల్ కోటీశ్వరులే అనుకుంటారు. యూనివర్సిటీ ఆటల విభాగానికి చందా ఇచ్చినవాళ్ళూ, అభిమానుల క్లబ్బులో చేరినవాళ్ళూ, ఫలానా కుర్రాడు ఇక్కడే చేరేలా సాయపడినవాళ్ళూ అందులోకే వస్తారు. టీమ్‌లో ఉన్న పిల్లలకో, వాళ్ళ ఇంట్లోవాళ్ళకో ఏదైనా సమకూర్చిపెట్టినవాళ్ళు కూడా అంతే. ఒక్క డాలరు చందా ఇవ్వకపోయినా మీ ఉచిత బిర్యానీ ఈ చివరి లెక్కలోకి వస్తుంది. ఒకసారి ఆ ముద్ర పడితే హోటల్ అమ్మేసి ఊరు మారినా పోదు.

ఎన్‌సీఏఏ వాళ్ళు చూసేది ఒక్కటే: మిగతా విద్యార్థులకి దొరకనిది ఈ ఆటగాడికి మాత్రం దొరికిందా అని. స్టూడెంట్ ఐడీ చూపించిన ప్రతివాళ్ళకీ పది శాతం తగ్గిస్తే ఎవరూ అడగరు. అదే తగ్గింపు టీమ్ జాకెట్ వేసుకొచ్చినవాడికి మాత్రమే ఇస్తే పేచీ. ఇంకో చిత్రం చూడండి. ఇంటికి పిలిచి ఎప్పుడైనా ఒక పూట భోజనం పెట్టడానికి రూల్స్ ఒప్పుకుంటూ వచ్చాయి, హోటల్లో కూర్చోబెట్టి పెట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు. నన్నడిగితే ఇది అర్థంలేని తేడా. కానీ రూలు రాసింది నేను కాదు కదా.

ఎందుకింత పట్టుదల అంటే డల్లాస్ సంగతి చెప్పాలి. అక్కడి సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీని అందరూ ఎస్ఎంయూ అంటారు. 1980ల మొదట్లో దేశంలోనే గొప్ప టీమ్‌లలో అదొకటి. బూస్టర్లు ఆటగాళ్ళకి నెలనెలా జీతాల్లా డబ్బు ఇచ్చేవారు. అప్పటికే శిక్షలు పడ్డాయి, అయినా ఆపలేదు. 1985-86లో 13 మందికి కలిపి ఇచ్చింది సుమారు 61,000 డాలర్లు. 1987 ఫిబ్రవరిలో ఎన్‌సీఏఏ ఆ ఏడాది సీజన్ మొత్తం రద్దు చేసింది. దాన్నే ఇక్కడివాళ్ళు డెత్ పెనాల్టీ అంటారు. మరుసటి ఏడు ఆడటానికి మనుషులు మిగలక యూనివర్సిటీయే మానుకుంది. అప్పటి టెక్సాస్ గవర్నర్ బిల్ క్లెమెంట్స్, అంతకుముందు ఆ యూనివర్సిటీ బోర్డు ఛైర్మన్‌గా ఉన్న మనిషి, ఆ చెల్లింపులు కొనసాగాలని తామే ఒప్పుకున్నామని బయటికి చెప్పాల్సి వచ్చింది. ఇచ్చిన మాట ప్రకారం పాత కుర్రాళ్ళకి చదువయ్యేదాకా ఇచ్చేద్దామనుకున్నారట! ఆ తర్వాత ఎస్ఎంయూ మళ్ళీ ఒక బౌల్ గేమ్ (సీజన్ అయ్యాక బాగా ఆడిన టీమ్‌లకి పెట్టే పోటీ) ఆడింది 2009 చివర్లో.

అది పెద్దవాళ్ళ యవ్వారం, మనకేంటి అంటారేమో. చిన్న షాపుల కథలూ ఉన్నాయి. మీకు దగ్గరగా ఉండేవి అవే.

ఓహయో స్టేట్ యూనివర్సిటీ ఆటగాళ్ళు కొలంబస్‌లో ఒక టాటూ షాపాయన చుట్టూ తిరిగేవారు. టీమ్ గెలిచినప్పుడు ఇచ్చిన ఉంగరాలు, జెర్సీలు ఆయన చేతిలో పెట్టి డబ్బులూ, తక్కువ ధరకి టాటూలూ తీసుకున్నారు. మిషిగన్ మీద గెలిస్తే అక్కడ ఆటగాళ్ళకి ప్యాంటు ఆకారంలో బుల్లి బంగారు బిళ్ళ ఇస్తారు. అదీ అమ్ముకున్నారు. ఉంగరం వాడిదే, చెయ్యి వాడిదే, మధ్యలో ఎవరికి నష్టం? అయినా ఐదుగురిని 2011 సీజన్లో మొదటి ఐదు ఆటలకి దూరం పెట్టారు. విషయం తెలిసీ దాచినందుకు కోచ్ జిమ్ ట్రెసెల్ రాజీనామా చేశాడు. 2010లో గెలిచిన ఆటలన్నీ రికార్డుల్లోంచి తీసేశారు. 2012లో ఆ టీమ్ ఆడిన 12 ఆటలూ గెలిచింది, కానీ సీజన్ తర్వాతి పోటీల నుంచి నిషేధం ఉండటంతో ఇంట్లో కూర్చుంది. ఆ 12 గెలిచిన కుర్రాళ్ళలో చాలామందికి టాటూలతో ఏ సంబంధమూ లేదు. ఈ శిక్షల్లో నాకు మింగుడుపడనిది ఇదే. తప్పు చేసినవాడు వెళ్ళిపోతాడు, తర్వాత వచ్చినవాడు అనుభవిస్తాడు.

రెండోది ఓక్లహోమా యూనివర్సిటీ ఉండే ఊరు నార్మన్. ఒక కార్ల షాపు వాళ్ళు ఇద్దరు ఆటగాళ్ళకి పని ఇచ్చారు. పని ఇవ్వడం తప్పు కాదు, చెయ్యని గంటలకి జీతం రాశారు. 2006 ఆగస్టులో సీజన్ మొదలయ్యే ముందు ఆ ఇద్దరినీ టీమ్ నుంచి పంపేశారు. అందులో ఒకడు మెయిన్ క్వార్టర్‌బ్యాక్, అంటే మైదానంలో ఆటంతా నడిపించేవాడు! "పోనీలే, ప్రాక్టీసుకి వెళ్ళాడు కదా, ఎనిమిది గంటలు వేసెయ్యి" అని మనం మొహమాటానికి రాసేసే టైమ్‌షీటు సరిగ్గా అలాంటిదే.

ఇప్పుడు మీ చివరి మాటకి వద్దాం. అవును, కాలం మారింది. 2021 జూన్‌లో అమెరికా సుప్రీం కోర్టు తొమ్మిదికి తొమ్మిది మంది జడ్జిలూ ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పిచ్చారు. జులై 1 నుంచి ఆటగాళ్ళు తమ పేరు, ఫోటో వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవచ్చని ఎన్‌సీఏఏయే ఒప్పుకుంది. దీన్ని ఎన్ఐఎల్ అంటారు. 2025 జూన్‌లో హౌస్ కేసు (హౌస్ అనే ఆటగాడి పేరుతో ఎన్‌సీఏఏ మీద నడిచింది) రాజీకి జడ్జి ఒప్పుకోవడంతో యూనివర్సిటీలే నేరుగా ఆటగాళ్ళకి ఇవ్వడం మొదలైంది. మొదటి ఏడాదికి ఒక్కో యూనివర్సిటీకి పరిమితి 2.05 కోట్ల డాలర్లు. అదే ఎస్ఎంయూ 2023లో పెద్ద కాన్ఫరెన్స్‌లో (యూనివర్సిటీ టీమ్‌ల లీగ్‌లో) చోటు దొరకగానే దాతల దగ్గర వారం తిరక్కుండా పది కోట్ల డాలర్లు పోగుచేసింది, ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. 61,000 డాలర్లకి టీమ్‌నే మూసేసిన రోజులు చూసినవాళ్ళు నవ్వాలో ఏడవాలో తెలియక తల పట్టుకున్నారు.

అంతమాత్రాన గేట్లన్నీ తెరిచేశారనుకోకండి. 2023 జులైలో టెన్నెసీ యూనివర్సిటీకి 80 లక్షల డాలర్ల జరిమానా పడింది. అక్కడ కోచ్‌లూ సిబ్బందే ఆటగాళ్ళకీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళకీ సుమారు 60,000 డాలర్లు సమకూర్చారు. 2024 జనవరిలో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ సంగతి ఇంకా కొత్తరకం. వేరే కాలేజీ నుంచి మారాలని చూస్తున్న ఆటగాణ్ణి ఒక కోచ్ కార్లో ఎక్కించుకుని బూస్టర్‌ని కలిపించాడు. రెండేళ్ళ ప్రొబేషన్, కోచ్‌కి మూడు ఆటల సస్పెన్షన్, ఆ బూస్టర్‌తో మూడేళ్ళు సంబంధం తెంచుకోమని ఆదేశం. అంటే చేసిన పనికి డబ్బివ్వొచ్చు. మా కాలేజీకి రావడానికో, ఇక్కడే ఉండిపోవడానికో ఇవ్వకూడదు. చాటుగా అసలు ఇవ్వకూడదు.

మీరు చెయ్యవలసింది ఇది. యూనివర్సిటీ ఆటల విభాగంలో రూల్స్ సంగతి చూసే కంప్లయన్స్ ఆఫీసు ఉంటుంది, వెబ్‌సైట్‌లో నంబరు దొరుకుతుంది. ముందు వాళ్ళకి ఈమెయిల్ రాయండి, జవాబు కాగితం మీద ఉండాలి. ఒక కుర్రాడితో మీ బిర్యానీ గురించి చిన్న వీడియో చేయించుకోవాలనుకుంటే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని, ఊళ్ళో అలాంటి పనికి నడిచే ధర ఇవ్వండి. 600 డాలర్లు, అంతకు మించితే డివిజన్-1 అనే పై స్థాయిలో ఆడేవాళ్ళు ఆ ఒప్పందాన్ని కొత్తగా పెట్టిన కాలేజ్ స్పోర్ట్స్ కమిషన్‌కి చూపించాలి. విడివిడిగా ఇచ్చినవి కూడా కలిపే లెక్కిస్తారు. అందుకే మీరిచ్చిన ప్రతిదీ పెళ్ళిలో చదివింపులు రాసుకున్నట్టు తేదీ వేసి రాసిపెట్టుకోండి, ప్లేటు భోజనంతో సహా. టీమ్ లోగో, జెర్సీ యూనివర్సిటీ సొత్తు. వాటితో ఫోటో గోడకెక్కించాలంటే వాళ్ళ అనుమతి వేరే కావాలి. ఆ కుర్రాడు వేరే దేశం నుంచి ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చినవాడైతే డబ్బు ఒప్పందం జోలికే పోకండి, వాడి వీసాకే ముప్పు. హైస్కూల్లో ఆడే పిల్లలతో కూడా వద్దు. వాళ్ళకి రాష్ట్రానికో రూలు.

ఇది చదివే ఎంఎస్ పిల్లలకి ఒక్క ముక్క. యూనివర్సిటీలో ఆటగాళ్ళకి ట్యూటర్‌గా పని దొరికితే హాయిగా చేరండి, క్యాంపస్ ఉద్యోగాల్లో మంచిదే. కానీ "అన్నా, ఈ ఒక్క అసైన్‌మెంట్ నువ్వే చేసిపెట్టు" అంటే చెయ్యకండి. మిజౌరీ యూనివర్సిటీలో ఒక్క ట్యూటర్ 12 మందికి పనులు చేసిపెట్టినందుకు 2019లో ఆ ఫుట్‌బాల్ టీమ్‌కి బౌల్ నిషేధం పడింది, బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ వాళ్ళు కూడా నష్టపోయారు. మీకైతే ఉద్యోగంతో పాటు చదువు కూడా ఊడే ప్రమాదం ఉంది, చదువు ఊడితే ఎఫ్-1 ఊడినట్టే. ఆటగాళ్ళకి ఇంటివాళ్ళ కోసమని ఇచ్చే ఉచిత టికెట్లు వాళ్ళ దగ్గర కొనడం కూడా అంతే ప్రమాదం, ఎంత చవగ్గా ఇస్తామన్నా.

అమ్మా, మళ్ళీ మీ హోటల్‌కి వస్తే, ఆ కుర్రాళ్ళకి పూర్తి బిల్లు వేసి నవ్వుతూ ఇవ్వండి. వాళ్ళకి రూల్స్ మనకంటే బాగా తెలుసు, ఏమీ అనుకోరు. ఆటలుండే శనివారాలకి మాత్రం వంటింట్లో ఇద్దరు మనుషుల్ని అదనంగా పెట్టుకోండి. కిక్‌ఆఫ్‌కి ముందు మూడు గంటలు పార్సిళ్ళ గిరాకీ ఉంటుంది, ఆట మొదలయ్యాక ఊళ్ళో పిట్ట కూడా కనిపించదు.