రైట్ కట్టడాలు చూడబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. అమెరికాలో వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టడాలు చూసి రావాలన్న నీ నిర్ణయం విని ఎంత సంతోషించానో చెప్పలేను. ఏ గైడ్‌బుక్కు కొనమంటారని అడిగావు. మంచివి చాలా ఉన్నాయి. నాకు ముఖ్యంగా తోచేదేమిటంటే, కొన్న పుస్తకాన్ని ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూసి సంచిలో పెట్టాలో తెలిసి ఉండాలి.

మొదట పుస్తకం అచ్చయిన సంవత్సరం చూడు. ఇల్లు ఎక్కడికి పోతుందిలే అనుకుంటాం గానీ రైట్ ఇళ్లు కొన్ని నిజంగానే ఊళ్లు మారాయి. బాక్‌మన్-విల్సన్ ఇల్లు న్యూజెర్సీలో మిల్‌స్టోన్ నది పక్కన ఉండేది. వరదల బెడద పడలేక దాన్ని విడివిడిగా ఊడదీసి ఆర్కన్సా రాష్ట్రానికి తరలించి మళ్లీ నిలబెట్టారు. 2015 నుంచి బెంటన్‌విల్‌లో క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం ఆవరణలో సందర్శకులకు చూపిస్తున్నారు. పాత పుస్తకం నమ్ముకుంటే న్యూజెర్సీలో ఖాళీ స్థలం చూసి రావాల్సిందే. మోంటానాలోని వైట్‌ఫిష్‌లో ఆయన చివరి సంవత్సరాల్లో రూపొందించిన వైద్యశాలనైతే 2018లో కూల్చేశారు. అలాగని పాత పుస్తకాలను పారేయకు. వాటిలోని ప్లాన్లు (గదులు, గుమ్మాలు ఎక్కడున్నాయో చూపే పటాలు), వివరణలు ఇప్పటికీ బంగారమే. చిరునామాలు, వేళలు, టికెట్లు మాత్రం ఆయా కట్టడాల వెబ్‌సైట్లలో సరిచూసుకో.

గైడ్‌బుక్కుల్లో ఊళ్లవారీగా అమర్చినవి కొన్ని, కట్టిన సంవత్సరాల వరుసలో ఉన్నవి కొన్ని. ఇంట్లో కూర్చుని చదవడానికి రెండోది, ప్రయాణంలోకి మొదటిది. యునెస్కో 2019లో ఆయన కట్టడాలు 8 ఎంచి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అవి న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్ దాకా చెదిరి ఉన్నాయి. ఆ జాబితా పట్టుకుని పరుగులు తీస్తే విమానాశ్రయాలే ఎక్కువ చూస్తావు. షికాగో చుట్టుపక్కల నాలుగు రోజులు ఉండు. రోజుకు రెండు కట్టడాలు చాలు.

షికాగో పక్కనే ఉన్న ఓక్ పార్క్‌లో ఆయన 1889లో తన కోసం కట్టుకున్న ఇల్లు ఉంది. 1909 దాకా అక్కడే ఉన్నాడు. అక్కడి నుంచి ఫారెస్ట్ అవెన్యూ వెంట నడిస్తే ఆయన రూపొందించిన ఇళ్లు వరసగా కనిపిస్తాయి. వాటిలో చాలా వరకు జనం కాపురం ఉంటున్నవే. ఏది లోపలికి వెళ్లి చూడవచ్చో, ఏది వీధిలోంచే చూడాలో మంచి గైడ్‌బుక్కు స్పష్టంగా చెబుతుంది. ఆ హద్దును పాటించు. గేటు తీయడం, గంట కొట్టడం, కిటికీల్లోకి ఫోను ఎత్తిపెట్టడం, ఏదీ వద్దు. మనలాంటి వాళ్లు ఏడాది పొడుగునా వస్తూ ఉంటే భరిస్తున్నారు వాళ్లు. ఇంకో సంగతి, నిండు వేసవిలో చెట్ల ఆకుల వెనక ఇళ్లు సగం దాగిపోతాయి. ఆకు రాలాక వెళ్తే కప్పుల వాలు, చూరు బయటికి సాగిన తీరు పూర్తిగా తెలుస్తాయి.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్నది ప్లాన్ల గురించి. ఫొటోలు తిరగేసి ఊరుకోకు. వెళ్లే ముందు రోజు రాత్రి ప్లాను ముందు పెట్టుకుని, వీధిలోంచి నడుస్తున్నట్టు వేలితో దారి గీసుకుంటూ పో. ఓక్ పార్క్‌లోనే ఉన్న యూనిటీ టెంపుల్ అనే చర్చికి పెద్ద వీధి వైపు గుమ్మం లేదు. పక్కకు తిరిగి వెళ్లాలి. లోపలికి అడుగుపెట్టాక తక్కువ ఎత్తున్న చీకటి నడవాలోకి తీసుకువెళ్లి, అక్కడి నుంచి మెట్లెక్కించి, పైనుంచి వెలుగు కురిసే ప్రార్థనాలయంలో నిలబెడతాడు. ఆ మలుపులు, ఆ ఇరుకు అన్నీ ఆయన కావాలని పెట్టినవే. షికాగోలోని రోబీ హౌస్ కూడా అంతే, అంత పొడుగాటి ఇంటికి ప్రధాన ద్వారం వెనక వైపు ఒదిగి ఉంటుంది. ప్లాను ముందే మనసులో ఉంటే, ఇరుకులోంచి విశాలంలోకి వచ్చిన ఆ క్షణాన పేజీలు తిప్పుతూ ఉండే పని తప్పుతుంది. అందుకే గుమ్మం దాటాక పుస్తకం తెరవద్దంటాను.

పెన్సిల్వేనియాలో జలపాతం మీద కట్టిన ఫాలింగ్‌వాటర్ ఇంటి దగ్గర ఇది మరీ అవసరం. 1935లో రూపొందించిన ఆ ఇంటి ఫొటో ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది, అదీ కింద వాగు వైపు నుంచి తీసిందే. ఇంటి లోపల ఉన్నవాళ్లకు జలపాతం కళ్లముందు కనిపించదు, వాళ్ల కాళ్ల కింద ఉంటుంది. హాల్లోంచి మెట్లు నేరుగా వాగు మీదికి దిగుతాయి. ఫొటో తీసే చోటుకు చివర వెళ్లు. ముందు లోపల నిలబడి నీటి చప్పుడు ఏ గదిలో ఎంత వినిపిస్తోందో గమనించు. టికెట్టు చాలా ముందుగా తీసుకోవాలి. వారంలో ఒక రోజు, చలికాలంలో కొన్నాళ్లు మూసి ఉంచుతారు. ఆ దగ్గర్లోనే ఆయన కట్టిన కెంటక్ నాబ్ అనే ఇల్లు ఉంది, అదీ కలుపుకో.

న్యూయార్క్‌లో ఆయన రూపొందించిన గుగ్గెన్‌హైమ్ మ్యూజియానికి పెద్ద తయారీ అక్కర్లేదు. లిఫ్టులో పైకి వెళ్లి, చుట్లు తిరుగుతూ కిందికి నడిచి రా. ఆయన ఉద్దేశించింది అలాగే.

రాత్రి గదికి చేరాక పుస్తకం మళ్లీ తెరువు. చూసినదానికి, రాసినదానికి తేడా ఉన్నచోట అంచులో పెన్సిలుతో రాసుకో. గైడ్‌బుక్కు రాసినవాళ్లూ మనుషులే, వాళ్లకు నచ్చనిది నీకు నచ్చవచ్చు.

బఫెలో వెళ్లేలా ఉంటే ముందే ఉత్తరం రాయి. అక్కడ ఆయన కట్టిన మార్టిన్ హౌస్‌లో కూల్చేసిన భాగాలను తర్వాత తిరిగి కట్టారు. ఏది పాతదో, ఏది కొత్తదో తెలియాలంటే ప్లాను పెద్దదిగా ఉండాలి. నా దగ్గర ఉన్న పుస్తకంలో అలాంటిది ఉంది, పంపిస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య