చివరి వీధి నుంచి మొదలుపెట్టు

హైదరాబాద్

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి పదవికి నువ్వు పోటీ చేయబోతున్నావని మీ నాన్న నిన్న ఫోను చేసి చెప్పాడు. వాడి గొంతులో గర్వమూ ఉంది, బెంగా ఉంది. నా సంగతీ అంతే. మన ఇంటి ఆడపిల్ల నలుగురి పనిని నెత్తికెత్తుకుంటానన్నందుకు మనసు నిండిపోయింది, ఆ పని మనిషిని ఎలా నలిపేస్తుందో దగ్గరగా చూసినదాన్ని కాబట్టి రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోనులో చెప్పిన మాటలు మరునాటికి నిలవవు గనుక ఇలా కూర్చుని రాస్తున్నాను.

మీ కాలనీలో పార్కు ప్రహరీ మొదలై ఆగిపోయిందనీ, వాన నీటి కాలువ సగంలోనే నిలిచిందనీ, ఏ పని ఎత్తుకున్నా ముందుకు సాగడం లేదనీ, కారణం అడిగితే అందరూ డబ్బు లేదనే చెబుతున్నారనీ మీ నాన్న అన్నాడు. నేను ఆ మాటను పూర్తిగా నమ్మను. డబ్బు లేదంటే జనం చందా కట్టడం మానేశారని అర్థం. ఎవరు మానేశారో, ఏ వీధివాళ్లు మానేశారో, ఏ సంవత్సరం నుంచి మానేశారో రసీదు పుస్తకాలు తిరగేస్తే తెలుస్తుంది. నామినేషన్ కంటే ముందు నువ్వు చేయవలసిన పని అదే.

మిగతా మామూలు విషయాలు నీకు తెలియనివి కావు. మీ సంఘం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే ఏటా సర్వసభ్య సమావేశం జరగాలి, కార్యవర్గ సభ్యుల జాబితా రిజిస్ట్రారుకు చేరుతూ ఉండాలి. బైలాస్, అంటే సంఘం నియమావళి, మొదటి నుంచి చివరిదాకా చదువు. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు ఉండేలా చూడు.

నగదును మాత్రం ఇంట్లో ఒక్క రాత్రి కూడా ఉంచకు. ఆడిట్ విభాగంలో ఉద్యోగం చేసినన్నాళ్లూ, దొంగతనం చేసినవాళ్లకంటే వోచరు పోగొట్టుకున్న నిజాయితీపరులే తలవంచుకొని నిలబడటం ఎక్కువగా చూశాను. పాత కార్యవర్గం పుస్తకాలు అప్పగించేటప్పుడు ఏయే పుస్తకాలు, ఏ నంబరు నుంచి ఏ నంబరు వరకు వాడిన రసీదులు, ఎన్ని ఖాళీ రసీదులు అన్నీ జాబితా రాయించి, ఇరువైపులా సంతకాలు చేయించకుండా ఒక్క కాగితం కూడా తీసుకోవద్దు. మొహమాటపడ్డావంటే ఊరుకోను. "పెద్దాయన ఏమనుకుంటారో" అని నువ్వు చేతులు నలుపుకుంటూ నిలబడే రకమని నాకు తెలుసు.

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్నది రాస్తాను. ఇది కొంచెం పెద్దదే, ఓపికగా చదువు.

ఎల్బీ నగర్ ఇంకా విడి మున్సిపాలిటీగా ఉన్న కాలంలో, మేము కాపురమున్న కాలనీకి భూగర్భ డ్రైనేజీ లేదు. ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకే. 1997లో ప్రభుత్వం జన్మభూమి కార్యక్రమం మొదలుపెట్టాక, కాలనీవాళ్లు తమ వాటా కడితే మిగిలినది ప్రభుత్వం కలుపుతుందని తెలిసి మా సంఘం కదిలింది. ఇంటికింత అని అందరికీ ఒకే మొత్తం నిర్ణయించారు. మెయిన్ రోడ్డు పక్కనున్న మొదటి రెండు వీధుల్లో మూడు వందల గజాల స్థలాల్లో మేడలు ఉండేవి, దిగువనున్న ఐదు, ఆరు వీధుల్లో అరవై, డెబ్బై గజాల్లో రేకుల ఇళ్లు ఉండేవి. అయినా వాటా మాత్రం సమానమే. ఆరో వీధిలో జాకెట్లు కుట్టుకుంటూ ఇల్లు నడిపే ఒకావిడ తన వాటాను విడతలుగా కట్టింది. అన్నీ పది రూపాయల నోట్లు, రబ్బరు బ్యాండు వేసి తెచ్చేది. రసీదు చేతికి వచ్చేదాకా గుమ్మం దిగేది కాదు. రసీదు మీద అంకె సరిగ్గా పడిందో లేదో వేలితో తడిమి చూసుకొని, మడతపెట్టి, కొంగున ముడి వేసుకునేది.

కాలనీ అంతా మెయిన్ రోడ్డు నుంచి చెరువు వైపు వాలుగా ఉంటుంది. మురుగు నీరు వెళ్లి కలవవలసిన పెద్ద లైను ఆ దిగువనే, ఆరో వీధి అవతల ఉంది. ఆ వీధిలోనే ఉన్న రిటైర్డ్ ఓవర్సీరు ఒకాయన సమావేశంలో లేచి, డ్రైనేజీ పైపులు ఎప్పుడూ దిగువ కొస నుంచి ఎగువకు వేసుకుంటూ రావాలనీ, అప్పుడు పని మధ్యలో ఎక్కడ ఆగినా వేసినంత మేరకు మురుగు పారిపోతుందనీ, పై నుంచి వేసుకొస్తే మధ్యలో ఆగిన చోట అంతా తేలుతుందనీ విడమరచి చెప్పాడు. అధ్యక్షుడిగా ఉన్నాయన మొదటి వీధివాడు, కార్యవర్గంలో ఎక్కువ మంది పై రెండు వీధులవాళ్లే. "మొదటి విడతలో పై వీధులు పూర్తి చేద్దాం, రెండో విడతలో కిందివి చూద్దాం" అని తేల్చేశారు. సమావేశంలో జరిగింది రాసే మినిట్స్ పుస్తకంలో ఓవర్సీరు మాట ఒక్కటి కూడా రాయలేదు. తీర్మానం ఏకగ్రీవం అని రాశారు.

పని పై నుంచే మొదలైంది. మన హైదరాబాద్ నేల సంగతి నీకు తెలుసు కదా, నాలుగో వీధికి వచ్చేసరికి బండ తగిలింది. రాయి కొట్టడానికి కాంట్రాక్టరు అదనంగా అడిగాడు, ఉన్న డబ్బంతా అక్కడే అయిపోయింది. లైను చివర తాత్కాలికంగా ఒక గుంత తవ్వి వదిలేశారు. అయినా పై వీధులవాళ్లు ఆగలేదు, సెప్టిక్ ట్యాంకులు పూడ్చేసి కనెక్షన్లు ఇచ్చుకున్నారు. 2000 ఆగస్టులో ఒక్కరోజులోనే దాదాపు 24 సెంటీమీటర్ల వాన పడి నగరం మునిగినప్పుడు, ఆ గుంత పొంగి నాలుగు వీధుల మురుగు ఐదు, ఆరు వీధుల ఇళ్లలోకి చేరింది. ఆ జాకెట్లు కుట్టే ఆవిడ ఇంట్లో కుట్టు మిషను చెక్క బల్ల సగం దాకా మురుగులో తడిసింది, కుట్టడానికి తెచ్చుకున్న జనం గుడ్డలన్నీ పాడైపోయాయి. తన డబ్బుతో వేసిన పైపు తన ఇంటినే ముంచింది.

ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకో కోడలా. ఆ అధ్యక్షుడు దొంగ కాదు. ఆ లెక్కలు నేను స్వయంగా చూశాను, పైసా తేడా లేదు. అంకెలు సరిపోయాయి కాబట్టి న్యాయం కూడా జరిగిపోయిందని ఆయన చివరి వరకూ నమ్మాడు. ఎంత వసూలైంది, ఎంత ఖర్చయింది అన్నది పుస్తకంలో ఉంటుంది. ఎవరి పని ముందు జరిగింది, ఆలస్యం ఎవరి నెత్తిన పడింది అన్నది ఏ పుస్తకంలోనూ ఉండదు. జనం గుర్తుపెట్టుకునేది ఈ రెండోదాన్నే.

ఆ తర్వాత కింది వీధులవాళ్లు చందా కట్టడం మానేసి వేరే సంఘం పెట్టుకున్నారు. వాళ్లను తప్పు పట్టలేను. ఒక సంఘం అర్జీ పెడితే రెండో సంఘం అభ్యంతరం పెట్టేది, మున్సిపాలిటీవాళ్లు "ముందు మీరు ఒక మాట మీదికి రండి" అని ఫైలు పక్కన పెట్టేవారు. లేఅవుట్‌లో పార్కుకని వదిలిన స్థలంలో ఎవరో ఇటుకలు దించారు, తర్వాత రేకుల షెడ్డు వేశారు, ఆ తర్వాత దానికి తాళం పడింది. ఫిర్యాదు మీద సంతకం ఏ సంఘం చేయాలన్న దగ్గరే వాదన ఆగిపోయింది. 2007లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ చేశాక గాని ఆ లైను పెద్ద లైనులో కలవలేదు. పైపులు కలిశాయి, మనుషులు కలవలేదు. అక్కడ నేటికీ వినాయక చవితికి రెండు మండపాలు పెడతారు.

అందుకని నువ్వు గెలిస్తే మొదటి పని చివరి వీధిలో చెయ్యి. చిన్నదైనా ఫరవాలేదు, ఆగిపోయిన దీపమో, విరిగిన మ్యాన్‌హోల్ మూతో అయినా సరే. నగరానికి నీళ్లిచ్చే జలమండలి 2021 జనవరిలో మొదలుపెట్టిన నెలకు 20,000 లీటర్ల ఉచిత నీటి పథకం ఉంది కదా. మీటరు లేకనో, ఆధార్ జతచేయకనో దాన్ని వాడుకోలేక బిల్లు కడుతున్న ఇళ్లు ఆ వీధిలో ఉన్నాయేమో కనుక్కొని, పక్కన కూర్చుని ఆ పని పూర్తి చేయించు. సర్వసభ్య సమావేశం కూడా అక్కడే, సాయంత్రం పూట పెట్టు. ఆదివారం ఉదయం మొదటి వీధి హాలులో పెడితే ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లు ఎలా వస్తారు? కిరాయికి ఉన్నవాళ్లకు ఓటు లేకపోయినా మాట్లాడే అవకాశం ఇవ్వు, నీళ్లు రాకపోతే బిందె పట్టుకొని తిరిగేది వాళ్లే. ఎవరు అభ్యంతరం చెప్పినా వాళ్ల పేరుతో సహా మినిట్స్‌లో రాయించు. ఒక్కరు కాదన్నా ఏకగ్రీవం అన్న మాట ఆ పుస్తకంలో పడకూడదు. కాపలాకూ, కెమెరాలకూ ఇంటికింత అని సమానంగా వసూలు చేయవచ్చు గాని, రోడ్డుకూ డ్రైనేజీకీ గజాల లెక్కన వాటా వేయడమే న్యాయమని నా అభిప్రాయం. పెద్ద స్థలాలవాళ్లు గొడవ చేస్తారు, చేయనివ్వు.

ఇక నీళ్ల సంగతి. మీ చివరి వీధికి నల్లాలో గాలి తప్ప నీళ్లు రావని విన్నాను. పై వీధుల్లో నల్లాలకు నేరుగా మోటార్లు బిగించి లాగేస్తుంటే కింద ఏం మిగులుతుంది? అలా బిగించడం నిషేధం, పట్టుబడితే మోటారు జప్తు చేసి జరిమానా కూడా వేస్తారు. కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి మన నగరం దాకా వచ్చి, ఒక కాలనీలో మూడో ఇంటి మోటారు దగ్గర ఆగిపోవడం చిన్న తప్పని నేను అనుకోను. మీ ఇంట్లో కూడా ఆ మోటారు ఉంది. మెట్ల కింద, గోనె సంచి కప్పి ఉంది. పోయినసారి వచ్చినప్పుడు చూశాను, తమ్ముడు నొచ్చుకుంటాడని ఏమీ అనలేదు. నువ్వు నిలబడుతున్నావు కాబట్టి ఇప్పుడు అంటున్నాను. ప్రచారానికి గడప దాటేలోపు దాన్ని తీయించు. ఆ మోటారు ఉండగా ఏ ఇంటికి వెళ్లి ఏ మాట చెప్పినా చివరి వీధివాళ్లు నీ ముఖం వైపు చూడరు, మీ మెట్ల వైపే చూస్తారు.

మీ నాన్న మీద కోప్పడకు. నీ చిన్నప్పుడు అర్ధరాత్రి లేచి ట్యాంకరు కోసం బిందెలతో వరుసలో నిలబడిన మనిషి వాడు. నీళ్లు అందవన్న భయం వాడి ఎముకల్లో ఉంది. మెల్లగా చెప్పు, ఒప్పుకోకపోతే అక్క చెప్పిందని చెప్పు. రాత్రి తొమ్మిది దాటాక కాలనీ గొడవలతో ఎవరు వచ్చినా తలుపు తీయవద్దు, ఉదయం రమ్మను. వాడి బీపీ సంగతి నీకు తెలుసు, పెద్ద గొంతులు వింటే తట్టుకోలేడు. నువ్వూ వేళకు అన్నం తిను.

వచ్చే ఆదివారం నేను కాప్రాలోని మీ ఇంటికి వస్తున్నాను. వీలైతే పాత కార్యవర్గాన్ని అడిగి గత ఐదేళ్ల రసీదు పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తెచ్చిపెట్టు. ఇవ్వడానికి వెనకాడితే రాతపూర్వకంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకో. వీధులవారీగా చందాలు విడదీసి చూద్దాం, పెద్ద సైజు కాగితాలు, స్కేలు నేను తెస్తాను.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య