మైదానం పక్క పబ్బు గురించి చదివేటప్పుడు నక్షత్రాలు కాదు, తేదీలు చూడండి

మీ ప్రశ్న చదివాను. టెస్టు మ్యాచ్ చూడటానికి నాన్నగారినీ, ఎనిమిదేళ్ల పాపనూ వెంటబెట్టుకుని ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ వస్తున్నారు. ట్రెంట్ బ్రిడ్జ్ క్రికెట్ మైదానాన్ని ఆనుకుని ఉన్న ట్రెంట్ బ్రిడ్జ్ ఇన్ అనే పబ్బు గురించి ఇంటర్నెట్‌లో వెతికితే సగం మంది ఆకాశానికి ఎత్తుతున్నారు, సగం మంది ఆ గుమ్మం తొక్కవద్దంటున్నారు. నాన్నగారు మద్యం ముట్టరు. ఎవరి మాట నమ్మాలన్నది మీ సందేహం.

పదకొండేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను. ఆ పబ్బు మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరం. నన్నడిగితే రెండు వర్గాలవారూ నిజమే రాశారు, కాకపోతే వేర్వేరు రోజుల గురించి రాశారు. మైదానం పక్కన ఉండే పబ్బులో ఒకే గోడల మధ్య రెండు పబ్బులు ఉంటాయి: మ్యాచ్ ఉన్న రోజు ఒకటి, లేని రోజు ఇంకొకటి. ఎవరెన్ని నక్షత్రాలు ఇచ్చారన్నది పక్కన పెట్టి, ఏ తేదీన రాశారో చూడండి.

నేను చేసే పని ఇది. బాగా తిట్టిన పదిమంది మాటలు తీసుకుని, ఆ తేదీల పక్కన మైదానం క్యాలెండర్ పెట్టి చూస్తాను. ఇంటికి చేరాక రాస్తారు కాబట్టి ఒకటి రెండు రోజులు వెనక్కు కూడా చూడాలి. "నిలబడటానికి చోటు లేదు", "ప్లాస్టిక్ గ్లాసులో పోశారు", "వంటకాల్లో సగం లేవన్నారు" లాంటివి దాదాపు ఎప్పుడూ టెస్టు రోజునో, ట్వంటీ20 ఉన్న శుక్రవారం సాయంత్రమో రాసినవే అయి ఉంటాయి. 17 వేల మందికి పైగా పట్టే మైదానం ఒక్కసారిగా ఖాళీ అయితే పక్కనున్న ఏ పబ్బైనా అలాగే ఉంటుంది. చలికాలపు శనివారాలు కూడా చూడండి. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఫుట్‌బాల్ జట్టు మైదానం ఇక్కడికి కూతవేటు దూరంలోనే ఉంది, నది దాటితే నాట్స్ కౌంటీ జట్టుది. క్రికెట్ లేదు కదా అని జనవరి శనివారం ప్రశాంతంగా భోంచేద్దామని వచ్చినవాళ్ళు ఎర్ర చొక్కాల సముద్రంలో పడతారు.

ఈ సంగతి నాకు మరో ఊళ్లో తెలిసొచ్చింది. ఆ పబ్బు పేరు చెప్పను. అది కూడా ఒక కౌంటీ మైదానం గేటు ఎదురుగానే ఉంటుంది. ఒక శుక్రవారం రాత్రి మ్యాచ్ ముందు మా అమ్మాయికి శాకాహార బర్గర్ చెప్పి యాభై నిమిషాలు కూర్చున్నాం. తీరా వచ్చిన పళ్ళెంలో బర్గర్ మధ్య పంది మాంసం ముక్క ఉంది. పిల్ల ఏడ్చింది. మొదటి ఓవర్లు చూడలేకపోయాం. ఆ రాత్రే కోపంగా ఒక్క నక్షత్రం ఇచ్చి నాలుగు పేరాలు రాశాను. అక్టోబరులో ఒక మంగళవారం పనిమీద అదే ఊరికి వెళ్ళి, వేరే చోటు దొరకక అక్కడికే వెళ్ళాల్సి వచ్చింది. కౌంటర్ దగ్గర అదే కుర్రవాడు. శాకాహారం అనగానే వంటగదిలోకి వెళ్ళి, బంగాళదుంపలు ఏ నూనెలో వేయిస్తారో కనుక్కుని వచ్చి మరీ చెప్పాడు. ఆ శుక్రవారం కౌంటర్ వెనక ఉన్నది నలుగురని, ముందు నిలబడ్డది మూడు వందల మందికి తక్కువ కాదని నాకప్పుడు గుర్తొచ్చింది. నేను రాసిన దాంట్లో అబద్ధం లేదు. కానీ అది శుక్రవారం అనీ, మ్యాచ్‌కు గంట ముందనీ రాయలేదు. ఆ రెండు ముక్కలూ చేర్చి తిరగరాశాను.

ఇంకో రకం ఫిర్యాదులు ఉంటాయి. వాటికి తేదీతో పనిలేదు, ఇక్కడి పద్ధతి తెలియక వచ్చినవి. "బీరు చల్లగా లేదు" అన్నది చాలా చోట్ల కనిపిస్తుంది. పీపాలోనే పులిసి పంపుతో తోడి ఇచ్చే కాస్క్ ఏల్ అనే బీరును నేలమాళిగలో 11 నుంచి 13 డిగ్రీల దగ్గర ఉంచుతారు, దాని రుచి ఆ చల్లదనంలోనే తెలుస్తుంది. మంచులా చల్లగా కావాలంటే లాగర్ అనే రకం బీరు అడగాలి. నురుగు ఎక్కువై గ్లాసు వెలితిగా ఉంటే మర్యాదగా అడిగితే చాలు, నింపి ఇస్తారు.

"మేము భారతీయులమని పట్టించుకోలేదు" అన్న మాట చదివినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే కొన్నిసార్లు అది నిజమే. అలాంటిది జరిగితే తప్పక రాయాలి. కానీ చాలాసార్లు మనవాళ్ళు బల్ల దగ్గర కూర్చుని ఎవరైనా వచ్చి అడుగుతారని ఎదురుచూస్తారు. ఇంగ్లండ్ పబ్బులో చాలా చోట్ల ఎవరూ రారు. మనమే బల్ల నంబరు చూసుకుని కౌంటర్ దగ్గరకు వెళ్ళి, చెప్పి, ముందే డబ్బులు కట్టాలి. అక్కడ వరుస కూడా పైకి కనిపించదు. అందరూ కౌంటర్ పొడవునా నిలబడతారు, ఎవరు ముందు వచ్చారో అందరికీ మనసులో లెక్క ఉంటుంది. "తరువాత ఎవరు?" అని కౌంటర్ వెనక మనిషి అడిగితే, తన వంతు కాకపోతే "ఆయన నాకంటే ముందు వచ్చారు" అని పక్కవాడే చూపిస్తాడు. ట్రెంట్ బ్రిడ్జ్ ఇన్ ఇప్పుడు దేశమంతటా పబ్బులు నడిపే వెదర్‌స్పూన్ సంస్థది కాబట్టి ఫోనులో వాళ్ళ యాప్ నుంచి కూడా తెప్పించుకోవచ్చు. పెద్దాయనా పాపా ఉన్నారు కాబట్టి మీకు ఆ దారే సులువు.

ఇక నాన్నగారి సంగతి. మీ ప్రశ్నలో నన్ను రాయడానికి కూర్చోబెట్టింది ఆ ఒక్క వాక్యమే.

2019 జూన్ 13న మా నాన్నగారితో ఇదే మైదానంలో ప్రపంచకప్ భారత్, న్యూజిలాండ్ మ్యాచ్‌కు వెళ్ళాను. తెనాలి నుంచి వచ్చారు, రిటైరైన బడిపంతులు. టికెట్లు నెలల ముందే కొన్నాం. సంచిలో పులిహోర డబ్బా. ఆ రోజు ఒక్క బంతి కూడా పడలేదు, వాన ఆగితేగా. మ్యాచ్ రద్దయి బయటకు వచ్చేసరికి నీలం చొక్కాలన్నీ ముద్దముద్దగా తడిసి ఉన్నాయి. పబ్బులో కాసేపు కూర్చుందామంటే నాన్నగారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. "నువ్వు వెళ్ళు, నేను ఇక్కడ గొడుగు కింద నిలబడతాను" అన్నారు. ఆయన దృష్టిలో అది కల్లు దుకాణమే. అంతలో లోపలి నుంచి ఒక ముసలావిడ మనవడి చెయ్యి పట్టుకుని బయటకు వచ్చింది, వాడి మూతికి ఇంకా టమాటా సాస్ అంటుకుని ఉంది. నాన్నగారు వాడివైపు చూసి, ఏమీ అనకుండా గొడుగు మూసి లోపలికి నడిచారు.

లోపల తడి ఉన్ని వాసన, వేగుతున్న బంగాళదుంపల వాసన. పాట లేదు, మన హైదరాబాద్ పబ్బుల్లో చెవులు చిల్లులు పడేలా వినిపించేలాంటిదేదీ లేదు. ఖాళీ బల్ల దొరకలేదు. తెల్లజుట్టు దంపతులు జరిగి మాకు చోటిచ్చారు. నాన్నగారికి నిమ్మరసం కలిపిన సోడా తెచ్చాను. ఆ పెద్దాయన, మీరు చూసిన బ్యాట్స్‌మెన్‌లో ఎవరంటే ఇష్టమని అడిగారు. నాన్నగారు ఆలోచించకుండా జయసింహ అన్నారు. చదువుకునే రోజుల్లో హైదరాబాద్ వెళ్ళి చూశారట, ఆ ఎత్తిపెట్టిన కాలరు చేత్తో చూపించారు. ఆ పెద్దాయన సోబర్స్ అన్నారు. వెస్టిండీస్ ఆటగాడు గార్‌ఫీల్డ్ సోబర్స్ 1968 నుంచి 1974 దాకా ఈ నాటింగ్‌హామ్‌షైర్‌కే ఆడాడు. ఆ తరువాత నేను వాళ్ళిద్దరికీ దుబాసీగా మిగిలాను.

ఈ పబ్బు కథ మాకు ఆ పెద్దాయనే చెప్పారు. బల్లమీద చిందిన నీళ్ళలో వేలు ముంచి ఒక చదరం గీసి, ఇది ఇన్, అంటే పాతకాలపు సత్రం అన్నారు. దాని వెనక పెద్ద గుండ్రం గీసి, ఇది దీని వెనక ఉన్న పచ్చిక అన్నారు. విలియం క్లార్క్ అనే ఆయన మొదట ఇటుకల పని చేసేవాడు. ఒక కంటి చూపు పోయినా చెయ్యి కింది నుంచి విసిరే అండర్‌ఆర్మ్ బంతులు నెమ్మదిగా వేసి మహామహులను తికమకపెట్టినవాడు. 1837లో ఈ ఇన్ నడుపుతున్న మేరీ చాప్‌మన్ అనే వితంతువును పెళ్ళి చేసుకున్నాడు. ఆ మరుసటి ఏడే వెనకనున్న పచ్చికను మైదానంగా మలిచి, చుట్టూ కంచె వేసి, చూడటానికి వచ్చినవాళ్ళ దగ్గర డబ్బులు తీసుకున్నాడు. అప్పటిదాకా ఊరి బయట ఉచితంగా ఆట చూసిన జనానికి ఇది నచ్చలేదు. 1846లో ఆయనే ఆల్ ఇంగ్లండ్ ఎలెవెన్ అనే జట్టును కట్టి ఊరూరా తిప్పాడు. 1899లో ఇక్కడ మొదటి టెస్టు జరిగింది, ఇంగ్లండ్ దిగ్గజం డబ్ల్యూ.జి. గ్రేస్‌కు అదే ఆఖరి టెస్టు. అంటే మైదానం పక్కన పబ్బు వెలవలేదు, పబ్బు పెరట్లోనే మైదానం వెలిసింది.

నేను తెలుగులో చెప్పడం పూర్తికాగానే నాన్నగారు ముఖం వెలిగిపోతూ అన్నారు: "అయితే ఇది కల్లు దుకాణం కాదురా, పూటకూళ్ళమ్మ ఇల్లు. ఆవిడ పెరడే ఈ మైదానం." ఆ మాట వాళ్ళకు అనువదించడానికి నేను చాలా తంటాలు పడ్డాను. అర్థమయ్యాక ఆ పెద్దాయన భార్య నాన్నగారి చెయ్యి పట్టుకుని ఊపింది. క్లార్క్ పేరు అందరూ చెబుతారు, ఆ ఇంటిని నడిపిన ఆవిడను మీరు తలచుకున్నారు అంది.

ఆ సాయంత్రాన్ని నక్షత్రాల్లో ఎలా కొలవాలో నాకు తెలియదు. నిజం చెప్పాలంటే ఆ రోజు మేము తిన్న బంగాళదుంపల రుచి కూడా గుర్తులేదు. అందుకే ఈ పబ్బు గురించి ఇతరులు రాసినవి చదివేటప్పుడు తిండి గురించి రాసినవి తొందరగా దాటేసి, పక్కబల్ల మనిషి గురించి రాసినవి ఆగి చదువుతాను. "ఒక ముసలాయన మాకు చోటిచ్చాడు", "ఓడిపోయిన జట్టువాళ్ళు మా పిల్లాడికి టోపీ ఇచ్చారు" లాంటి మాటలు ఎక్కువగా కనిపిస్తే అది మంచి పబ్బు. అవి కనిపించకుండా వడ్డన, ధర, శుభ్రత మాత్రమే కనిపిస్తే అది ఎక్కడైనా దొరికే భోజనశాల. 2021 ఆగస్టు 8న కూడా ఇక్కడే ఉన్నాను. ఇంగ్లండ్‌పై భారత్ గెలవడానికి 157 పరుగులు కావాలి, తొమ్మిది వికెట్లు చేతిలో ఉన్నాయి. రోజంతా వాన కురిసి టెస్టు డ్రా అయింది. మన సిరాజ్ ఆడిన మ్యాచ్ అది. ఆ రోజు కూడా కిటికీ దగ్గర నిలబడి వాన చూస్తూ మాట్లాడుకున్నది ముక్కూ ముఖం తెలియని మనుషులతోనే.

మీకు ఉపయోగపడేవి కొన్ని చెబుతాను. మ్యాచ్ రోజు ఆట ముగిశాక వెళ్ళకండి, పాపకు ఊపిరాడదు. ఆట సాధారణంగా 11 గంటలకు మొదలవుతుంది. తొమ్మిదింటికల్లా వెళితే టిఫిను చేయవచ్చు, నాన్నగారికి టీ దొరుకుతుంది, గోడలమీద ఉన్న పాత క్రికెట్ చిత్రాలు ఒక్కొక్కటీ ఆగి చూసే తీరిక కూడా ఉంటుంది. పిల్లలను ఎన్ని గంటల దాకా ఉండనిస్తారో లోపలికి వెళ్ళగానే అడగండి, మ్యాచ్ రోజుల్లో ఆ వేళ మారుతుంది. మీరు పాతికేళ్ల లోపు వారిలా కనిపిస్తే వయసు రుజువు అడుగుతారు, పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి. మధ్యాహ్నం విరామం 40 నిమిషాలే, అంతలో బయటకు వచ్చి తిని వెళ్ళడం కుదరదు. మైదానంలోకి ఇంటి భోజనం తీసుకెళ్ళవచ్చు, పులిహోర ఎంత హాయో నేను చెప్పనక్కరలేదు. రైల్వేస్టేషన్ నుంచి నడిస్తే ఇరవై నిమిషాలు, నది మీది వంతెన దాటగానే ఎదురుగా కనిపిస్తుంది.

ఒక రోజు ముందే ఊరికి చేరుకుంటే మాత్రం ఆ సాయంత్రమే వెళ్ళండి. అప్పుడు బల్లలు ఖాళీగా ఉంటాయి, నాన్నగారు గుమ్మం దగ్గర ఆగినా వెనక తోసేవాళ్ళు ఉండరు. తిరిగి వెళ్ళాక మీరూ రాయండి, ఏ రోజు వెళ్ళారో కూడా రాయండి. మా నాన్నగారు ఇప్పటికీ ఫోనులో "మన పూటకూళ్ళమ్మ ఇల్లు ఎలా ఉంది?" అని అడుగుతారు. మీరు రాసింది ఆయనకు చదివి వినిపిస్తాను.