కోవిడ్ టీకా మన దేశంలో తప్పనిసరి చేశారా?

లేదు, కోవిడ్ టీకా తప్పక వేయించుకోవాలని కేంద్రం ఎప్పుడూ ఆదేశించలేదు. వేయించుకోవడం, మానడం ఎవరి ఇష్టం వారిది. 2022 జనవరిలో కేంద్రమే సుప్రీంకోర్టుకు ఈ మాట చెప్పింది. అదే ఏడాది మే 2న జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు (మన తెలుగువారే), జస్టిస్ బి.ఆర్. గవాయ్‌ల ధర్మాసనం తీర్పు ఇచ్చింది: ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదు. రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కులో, మన ఒంటికి ఏ వైద్యం చేయించుకోవాలో, ఏది వద్దో తేల్చుకునే హక్కు కూడా ఉంది.

మరి అప్పట్లో అడుగడుగునా సర్టిఫికెట్ ఎందుకు అడిగారు? సూది బలవంతంగా గుచ్చడం వేరు, వేయించుకోనివారిని కొన్నిచోట్లకు రానివ్వకపోవడం వేరు. ముంబయి లోకల్ రైళ్లే తీసుకోండి. 2021 ఆగస్టు 15 నుంచి రెండు డోసులూ పూర్తయి, రెండో డోసు తర్వాత 14 రోజులు గడిచిన మామూలు ప్రయాణికులకే పాస్ ఇచ్చారు. టీకా వేసుకోమని ఎవరూ చెయ్యి పట్టుకుని లాగలేదు. కానీ రోజూ లోకల్ ఎక్కితేగానీ పూట గడవని మనిషికి ఆ ఇష్టం ఏపాటిదో వేరే చెప్పక్కర్లేదు.

చాలామంది పొరబడేది ఇక్కడే: ఆ తీర్పు టీకాను తప్పుపట్టిందని, ఆంక్షలన్నీ చెల్లవందని అనుకుంటారు. నిజానికి ప్రభుత్వ టీకా విధానాన్ని కోర్టు సమర్థించింది. ప్రజారోగ్యం కోసం ఆంక్షలు పెట్టవచ్చని, అయితే అవి అవసరానికి మించకూడదని చెప్పింది. కేసులు తగ్గి ఉన్నందున, టీకా వేయించుకోనివారిపై అప్పటికి ఉన్న ఆంక్షలను ఎత్తేయాలని సూచించింది.