అత్తగారికి నచ్చిన లైలా

ప్రశ్న: పెళ్ళయి ఆరేళ్ళయింది. పిల్లలు లేరు. నాకు పరీక్షలన్నీ చేశారు, చెప్పుకోదగ్గ లోపం లేదన్నారు. మావారు మాత్రం ‘నాకేం జబ్బు?’ అంటూ ఒక్కసారీ రాలేదు. ఈమధ్య ఇంట్లో అందరం కూర్చుని ‘లైలా’ అనే ఇరానీ సినిమా చూశాం. పిల్లలు పుట్టరని తెలిసిన భార్య అత్తగారి పోరు పడలేక భర్త రెండో పెళ్ళికి ఒప్పుకుంటుంది. సినిమా అయ్యాక మా అత్తగారు ‘ఎంత పెద్ద మనసో ఆ పిల్లది’ అన్నారు. ఆడపడుచు ‘మొగుణ్ణి చేతులారా అప్పజెప్పిన మొద్దు’ అంది. మావారు ‘అతనెంత మంచివాడో, భార్యను ఒక్క మాట అనలేదు’ అని లేచి వెళ్ళిపోయారు. అప్పట్నుంచి అత్తగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ కథ చెబుతున్నారు. నన్ను ఉద్దేశించే అంటున్నారా? నేనే లేనిపోనివి ఊహించుకుంటున్నానా?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: ఊహ కాదమ్మా. వచ్చినవాళ్ళందరికీ అదే కథ చెబుతున్నారంటే అది మీ చెవిన పడాలనే. మనవడు కావాలన్న మాట నేరుగా అనలేక సినిమా మీద పెట్టి అంటున్నారు. అయితే నాకు ఆవిడ మాటకన్నా మీవారి మాటే ఎక్కువ గుచ్చుకుంది.

దారియుష్ మెహర్జుయీ 1997లో తీసిన ఆ సినిమాలో భర్త రెజా నిజంగానే చెడ్డవాడు కాడు. ‘నాకు పిల్లలు అక్కర్లేదు, నువ్వు చాలు’ అని లైలాతో పదే పదే అంటాడు. అబద్ధమేమీ ఆడటం లేదు. కానీ ఆ మాట తల్లి ముందు నిలబడి, ఆవిడ ఇక ఆ ఊసెత్తకుండా అనలేడు. తల్లి పోరంతా కోడలి మీదే. ఈయనేమో ‘నీకిష్టమైతేనే’ అంటూ తేల్చాల్సిన భారం కూడా ఆమె నెత్తినే పెడతాడు. పెళ్ళిచూపులకు వెళ్తూ భార్యను వెంట తీసుకెళ్తాడు. చూసొచ్చిన అమ్మాయిల గురించి ఇద్దరూ కలిసి నవ్వుకుంటారు. ఆ నవ్వులు చూడటం ఏడుపు చూడటం కన్నా కష్టం. ఆమె ‘వద్దు’ అనాలని అతను, అతను ‘వద్దు’ అనాలని ఆమె, ఇద్దరూ ఎదురుచూస్తూనే పెళ్ళి దాకా నడిచిపోయారు. మీవారికి మంచితనంగా కనిపించింది ఆ మౌనమే.

కొత్త పెళ్ళికూతురు ఇంటికొచ్చిన రాత్రే లైలా ఆ ఇల్లు విడిచి పుట్టింటికి వెళ్ళిపోతుంది. అత్తగారు కోరుకున్న మగపిల్లవాడు పుట్టడు, ఆడపిల్ల పుడుతుంది. ఆ రెండో పెళ్ళీ నిలవదు. మీ అత్తగారు వచ్చినవాళ్ళకు కథ ఇంతవరకూ చెబుతున్నారా, పెద్ద మనసు దగ్గరే ఆపేస్తున్నారా?

ఇంకో తేడా ఉంది. సినిమాలో లోపం లైలాదని డాక్టర్లు తేల్చారు. మీ ఇంట్లో ఎవరూ ఏమీ తేల్చలేదు. మీవారు పరీక్షకే వెళ్ళలేదు, అయినా లైలా పాత్ర మాత్రం మీకిచ్చేశారు! పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే ఇద్దరూ కలిసి వెళ్ళి చూపించుకోవాలి, మీకు ఆరేళ్ళయింది. వీర్య పరీక్షకు సూదులు, కోతలు ఉండవు. కొద్ది రోజులు కలయికకు దూరంగా ఉండి నమూనా ఇస్తే చాలు. మీరు ఈపాటికి చేయించుకున్నవాటి ముందు అదొక లెక్కా?

‘ఆ దేశంలో అలా సర్దుకుపోతారు’ అని ఎవరైనా అంటే ఒకటి రెండు సంగతులు తెలిసి ఉండటం మంచిది. ఇరాన్ చట్టం మగవాడికి ఒకరికన్నా ఎక్కువ పెళ్ళిళ్ళు ఒప్పుకుంటుంది. 1975 నాటి కుటుంబ రక్షణ చట్టం దానికి కోర్టు అనుమతి కావాలంది, భార్యకు పిల్లలు కలగకపోవడాన్ని ఒక కారణంగా చేర్చింది. సినిమాలో అత్తగారి వెనకాల ఆ బలం ఉంది. అదే దేశంలో 2003లో, పిల్లలు లేని దంపతులకు వేరే జంట పిండాన్ని (ఎంబ్రియోను) దానంగా ఇవ్వడానికి కూడా చట్టం చేశారు. అక్కడైనా దారి రెండో పెళ్ళి ఒక్కటే కాదన్నమాట.

మీరు హిందూ వివాహ చట్టం కిందికి వస్తారనుకుని చెబుతున్నాను. మీరు బతికుండగా, విడాకులు లేకుండా ఆయన చేసుకునే పెళ్ళి చెల్లదు. మీరు సంతకం పెట్టి ఒప్పుకున్నా చెల్లదు. భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ళ దాకా జైలు. ఆ రెండో అమ్మాయికి భార్య హోదా ఉండదు, ఆమె బతుకూ పాడవుతుంది. పిల్లలు లేరని ఎత్తిపొడవడాన్ని 2005 గృహహింస చట్టం పేరుపెట్టి మరీ హింస కింద లెక్కగట్టింది. రేపే కేసు పెట్టమని కాదు. అత్తగారి మాటలు శ్రుతి మించితే 181కి ఫోన్ చేయవచ్చని గుర్తుంచుకోండి.

ఇక ఆయనతో ఎలా మాట్లాడాలి? రాత్రి గదిలో, ఏడుస్తూ వద్దు. గదిలో చెప్పే ఓదార్పు మాటలు రెజా దగ్గరా బోలెడున్నాయి. సెలవు రోజు పగటిపూట, ఇద్దరే బయటికి వెళ్ళినప్పుడు అడగండి. ‘అత్తయ్య ఆ కథ నా గురించే చెబుతున్నారు. మీకూ తెలుసు. ఈ నెలలో మీరు పరీక్ష చేయించుకోవాలి. ఈలోగా అత్తయ్యకు మీరే చెప్పాలి, ఇది మా ఇద్దరి సంగతి, ఆమెను ఏమీ అనొద్దు అని. నేను పక్కనుండగా చెప్పాలి.’ ఇంతే. జవాబు వెంటనే రాకపోవచ్చు. ‘అమ్మ పెద్దావిడ, సర్దుకుపో’ అనే అవకాశమే ఎక్కువ. అప్పుడు వాదన పెంచకండి, ఏ రోజు చెబుతారో మాత్రం అడగండి.

అత్తగారితో గొడవ అక్కర్లేదు. ఈసారి కథ మొదలుపెడితే మీరూ వెళ్ళి కూర్చుని మిగతా సగం చెప్పండి, మామూలు గొంతుతోనే.

మీ ఉత్తరంలో కనిపించనిది ఒకటుంది. అత్తగారికి ఏం కావాలో రాశారు, మీవారు ఏమన్నారో రాశారు. మీకు పిల్లలు కావాలా, ఎంతవరకు వైద్యానికి సిద్ధం, దత్తత మీకు ఇష్టమేనా అన్నది ఒక్క వాక్యమైనా రాయలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు అది మీరు ఒంటరిగా కూర్చుని తేల్చుకోండి. ఆడపడుచు మాట కటువుగా ఉన్నా, ఆ గదిలో లైలా ఒప్పుకోకుండా ఉండాల్సిందని అన్నది ఆమె ఒక్కతే. మీవారు ఆమెకు అన్నయ్యో తమ్ముడో, ఆయన్ని ల్యాబ్‌ దాకా లాక్కెళ్ళే పనికి ఆమెను సాయం అడగండి.