చిన్నీ, క్లాసు మానడానికి కూడా ఒక ఫారం ఉంటుంది

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు పదకొండో గ్రేడ్ నుంచి హెల్త్ సైన్స్ తీసుకుంటున్నావని, హైస్కూల్లో ఉండగానే కమ్యూనిటీ కాలేజీ క్రెడిట్లు సంపాదిస్తావని, ఆఖరి ఏడాదికి నర్స్ ఎయిడ్ సర్టిఫికెట్ కూడా చేతికొస్తుందని చెప్పాడు. చెబుతూనే "ఒకేషనల్ అంటున్నారక్కా, పిల్ల బాగా చదువుతుంది కదా" అని నసిగాడు. నాకు ఒళ్లు మండింది. తెనాలిలో నేను ఇంటర్ ఒకేషనల్‌లో ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) తీసుకున్నప్పుడు చుట్టాలందరూ అన్న మాట అదే, మార్కులు రాని పిల్లలే అందులో చేరతారని. అప్పుడు రోజూ సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని నన్ను కాలేజీలో దింపింది మీ నాన్నే. ఇక్కడికొచ్చాక మళ్లీ రెండేళ్లు చదివాను నిజమే గానీ, సూది పట్టడం నేర్చుకుంది మాత్రం అక్కడే, డల్లాస్‌లో ఇన్నేళ్లుగా నాకు అన్నం పెడుతున్నది అదే. ఆ సంగతి వాడికి గుర్తుచేసి ఫోన్ పెట్టేశాను. తర్వాత నిద్ర పట్టలేదు. నిన్ను చూసి గర్వంగానూ ఉంది, భయంగానూ ఉంది. ఏడో తరగతి దాకా అక్కడే చదివావు, తెలుగు మర్చిపోయానంటే ఒప్పుకోను, కూర్చుని మొత్తం చదువు.

చిన్న పనులు ముందు చెప్పేస్తా. కాలేజీ కోర్సులకి సిద్ధంగా ఉన్నావో లేదో చూసే టీఎస్ఐ పరీక్ష వేసవిలోనే రాసెయ్. టీబీ టెస్టు, హెపటైటిస్ బి టీకాల కాగితాలు వెతికి ఒకచోట పెట్టు. స్కూల్లో లంచ్ ఫారం నింపమని మీ నాన్నకి చెప్పు, 2023లో టెక్సస్‌లో చట్టం మారింది, ఫ్రీ లంచ్‌కి గానీ తగ్గింపు లంచ్‌కి గానీ అర్హత ఉన్న పిల్లలకి ఆ పథకంలో ఉన్న కాలేజీల్లో డ్యూయల్ క్రెడిట్, అంటే హైస్కూల్‌కీ కాలేజీకీ రెండింటికీ లెక్కకొచ్చే కోర్సు, ఉచితం. "మనకి రాదులే" అంటాడు, అయినా నింపించు.

ఇప్పుడు అసలు సంగతి. మీ బావ గురించి నీకు ఎవరూ చెప్పి ఉండరు, నేనే చెప్పనివ్వలేదు.

2015లో బావ పదకొండో గ్రేడ్. ఆటోమోటివ్ తీసుకున్నాడు, రెండు డ్యూయల్ క్రెడిట్ కోర్సులు. బ్రేకుల క్లాసు హైస్కూల్లోనే జరిగేది, దాంట్లో వాడికి ఏ గ్రేడు వచ్చింది. రెండోది కారు ఎలక్ట్రికల్ పని, అది సాయంత్రం అయిదున్నరకి కాలేజీ క్యాంపస్‌లో. మొదటి నెల ఒక స్నేహితుడి కార్లో వెళ్లేవాడు. ఆ అబ్బాయి మానేశాడు. మీ మావయ్య ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడయ్యేది, నాకేమో నైట్ డ్యూటీ, సాయంత్రం ఆరింటికల్లా బయల్దేరాలి. బస్సుంటే అందులోనే పోయేవాడు పాపం, మా వైపు బస్సు లేదు. ఒకరోజు నేను యూనిఫాం వేసుకుంటుంటే తలుపు దగ్గర నిలబడి "అమ్మా, క్లాసుకి ఎలా వెళ్లాలి?" అని అడిగాడు. నేను జడ వేసుకుంటూ, వాడి మొహం వంక కూడా చూడకుండా, "అయితే మానెయ్ నాన్నా, వచ్చే ఏడాది చూద్దాం" అన్నాను. అంతే. తెనాలిలో టైపు ఇన్‌స్టిట్యూట్ మానేస్తే ఏమవుతుంది, పై నెల ఫీజు కట్టం, రిజిస్టర్లో పేరు పోతుంది. ఇక్కడ కూడా అంతే అనుకున్నాను. వాడు అమ్మ మాట విన్నాడు.

క్లాసుకి వెళ్లకపోతే పేరు తీసెయ్యరు చిన్నీ. డ్రాప్ అని కాలేజీకి చెప్పాలి, దానికి ఫారం ఉంది, తేదీ ఉంది. ఫాల్, స్ప్రింగ్ సెమిస్టర్లలో పన్నెండో క్లాసు రోజుని సెన్సస్ డేట్ అంటారు, ఆ లోపు డ్రాప్ చేస్తే ట్రాన్స్‌క్రిప్ట్‌లో (కాలేజీ మార్కుల రికార్డులో) ఆ కోర్సు ఊసే ఉండదు. అది దాటాక ఇంకో గడువు దాకా డ్రాప్ చేస్తే డబ్ల్యూ వస్తుంది, అంటే మధ్యలో వదిలేశావని గుర్తు. అదీ దాటితే ఇక వచ్చిన గ్రేడే. బావకి డిసెంబర్లో ఎఫ్ వచ్చింది. కాలేజీకి ఫోన్ చేస్తే, మీ అబ్బాయి గురించి మీతో మాట్లాడటానికి లేదమ్మా అన్నారు. వాడికి పదహారేళ్లు! పిల్లలు కాలేజీలో చేరితే వయసు ఎంతైనా ఆ రికార్డు మీద హక్కు వాళ్లదేనట, 1974 నాటి ఫెర్పా చట్టం. వాళ్లు సంతకం పెట్టి అనుమతి ఇస్తే తప్ప మనకి చెప్పక్కర్లేదు. ఫోన్ పట్టుకుని వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. వాడు వచ్చి "పర్లేదమ్మా" అన్నాడు, అది ఇంకా కష్టంగా అనిపించింది.

హైస్కూల్ గోల కదా, పోతుందిలే అనుకున్నాం. పోలేదు. రెండేళ్ల తర్వాత అదే కాలేజీలో చేరబోతే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆపేశారు. తీసుకున్న క్రెడిట్లలో 67 శాతం పూర్తి చేసి ఉండాలన్నారు, వాడు రెండు తీసుకుని ఒకటి పాసయ్యాడు, అంటే 50. డ్యూయల్ క్రెడిట్ కూడా లెక్కే. అప్పీలు రాసుకున్నాం, చివరికి ఒప్పుకున్నారు గానీ మొదటి సెమిస్టర్ డబ్బు మేమే కట్టాం, నాలుగు నెలలు వారానికో షిఫ్టు ఎక్కువ చేశాను. డబ్బు గురించి నాకు బాధ లేదు. ఆ అప్పీల్లో కారణం రాయాల్సిన చోట వాడు "రవాణా సౌకర్యం లేక" అని రాశాడు, మా అమ్మ మానెయ్యమంది అని రాయలేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు అన్నం దిగదు.

అందుకని, చేరిన రోజే ఆ రెండు తేదీలూ ఫోన్లో పెట్టుకో, నాకూ పంపు. మీ నాన్న పేరు మీద అనుమతి ఫారం సంతకం పెట్టు. క్లాసు కష్టంగా ఉంటే డబ్ల్యూ తీసుకోవడానికి సిగ్గుపడకు. టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో డిగ్రీ మొత్తానికి ఆరు కోర్సులకి మించి డ్రాప్ చెయ్యకూడదనే నియమం ఉంది గానీ హైస్కూల్లో ఉండగా వదిలినవి అందులోకి రావు.

ఇంకోటి. అన్ని క్రెడిట్లూ ఒకటి కావు. స్కూలు వాళ్లు "కాలేజీ క్రెడిట్" అంటే డ్యూయలా, ఆర్టిక్యులేటెడా అని అడుగు. డ్యూయల్ అయితే గ్రేడు అప్పుడే కాలేజీ రికార్డులో పడుతుంది. ఆర్టిక్యులేటెడ్ అయితే నువ్వు తర్వాత ఆ కాలేజీలోనే చేరి, నోరు తెరిచి అడిగితే ఇస్తారు, వేరేచోట చేరితే పోయినట్టే అనుకో. డ్యూయల్లో కూడా, మెడికల్ టెర్మినాలజీ లాంటివి వర్క్‌ఫోర్స్ కోర్సులు, అంటే ఉద్యోగం కోసం నేర్పేవి, యూనివర్సిటీలో బీఎస్ఎన్‌కి (నర్సింగ్ డిగ్రీకి) వెళ్తే వాటిని లెక్కలోకి తీసుకుంటారన్న నమ్మకం లేదు. ఇంగ్లిష్ 1301, సైకాలజీ 2301 లాంటివి అకడమిక్ కోర్సులు, డిగ్రీకి అందరూ చదవాల్సిన 42 క్రెడిట్ల కోర్ కరికులమ్‌లో ఉంటాయి, రాష్ట్రంలో ఏ ప్రభుత్వ యూనివర్సిటీకైనా నీతో వస్తాయి. (ఆ నంబర్లో రెండో అంకె ఎన్ని క్రెడిట్లో చెబుతుంది, బయాలజీ 2401 అంటే నాలుగు.) అనాటమీ మాత్రం ఇప్పుడే తొందరపడి తీసుకోకు. నర్సింగ్ సీటుకి ముందు చూసేవాటిలో ఆ గ్రేడు ఒకటి. నువ్వు వెళ్లాలనుకునే యూనివర్సిటీకి ఈమెయిల్ పెట్టి అడుగు, జవాబు దాచుకో. నోటిమాట నమ్మకు.

నర్స్ ఎయిడ్ మాత్రం తప్పకుండా చెయ్యి, క్రెడిట్ వచ్చినా రాకపోయినా. టెక్సస్‌లో 100 గంటల శిక్షణ, అందులో 40 నర్సింగ్ హోమ్‌లో, మంచాల పక్కన. ముసలివాళ్లని ఒక్కదానివే ఎత్తకు, మా హాస్పిటల్లో నడుం పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను, ఎవరూ లేకపోతే ఎవరో వచ్చేదాకా ఆగు. మొదటిరోజు ఇంటికొచ్చి ఏడుస్తావు, నేనూ ఏడ్చాను. నాకు ఫోన్ చెయ్యి, డ్యూటీలో ఉన్నా ఎత్తుతాను.

సాయంత్రం క్లాసులు ఏ రోజుల్లో పడతాయో తెలిసిన వెంటనే మెసేజ్ పెట్టు. ఇప్పుడు నాకు పగటి డ్యూటీ, నాలుగింటికి ఇంట్లో ఉంటాను, నేను దింపుతాను. నాకు కుదరని రోజు బావ వస్తానన్నాడు. నేను అడగలేదు, వాడే అన్నాడు. ఆ ట్రాన్స్‌క్రిప్ట్ కూడా తెచ్చి చూపిస్తాడట నీకు.

మీ అత్త