యాడ్లు చూస్తే రీచార్జి ఊరికే వస్తుందా?

ప్రశ్న: ఇంటర్ చదివే మా వాడు ఫోన్లో ఏదో యాప్ పెట్టుకున్నాడు. యాడ్లు చూస్తే పాయింట్లొస్తాయట, వాటితో రీచార్జి ఫ్రీ అట. అర్ధరాత్రి దాకా అదే పని. కోప్పడితే, "యాడ్ల మీద టీవీ నడుస్తోంది కదా, ఫోనెందుకు నడవదు?" అని నన్నే అడుగుతున్నాడు. ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: మీవాడి ప్రశ్న బాగుంది తల్లీ, ఆ యాప్ సంగతే బాగోలేదు. పర్లాకిమిడిలో ఎస్టీడీ బూత్ నడిపిన రోజుల నుంచి ఇప్పటి రీచార్జి కొట్టు దాకా ఈ ఫ్రీ మాట వింటూనే ఉన్నాను.

నిజంగా చేసి చూసినవాళ్లు లేకపోలేదు. నోకియాలో ప్రెసిడెంటుగా చేసిన పెక్కా అలా-పియెటిలా ఇంకొకాయనతో కలిసి 2007లో బ్రిటన్‌లో బ్లిక్ అనే మొబైల్ నెట్‌వర్క్ మొదలుపెట్టాడు. నెలకు 217 ఎస్సెమ్మెస్‌లు, 43 నిమిషాల కాల్స్ ఉచితం. బదులుగా రోజుకు ఆరు దాకా ప్రకటనలు పంపుతారు. సిమ్ మాత్రం 16 నుంచి 24 ఏళ్లవాళ్లకే. నాలాంటి ముసలాడికి ఇవ్వరు, ఎందుకంటే ప్రకటన ఇచ్చేవాడికి కావలసింది కొనే బేరం. అంత ఏరి కోరి ఇచ్చినా 2009లో ఆ నెట్‌వర్క్ మూతపడింది.

మన దేశంలో నాకు నచ్చింది హిందుస్తాన్ యూనిలీవర్ వాళ్లు 2013లో బీహార్, జార్ఖండ్‌లలో చేసినది. మిస్డ్ కాల్ ఇస్తే చాలు, వాళ్లే తిరిగి ఫోన్ చేసి పాటలు, జోకులు వినిపించేవారు. మధ్యమధ్యలో వాళ్ల సరుకుల ప్రకటనలు. కరెంటు సరిగా లేక టీవీ అందని పల్లెలవి. ఒకే భాష, ఊరూరి కిరాణా కొట్లో దొరికే సరుకు. ఖర్చు పెట్టినా గిట్టుబాటయ్యే లెక్క అది.

మన ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో ఆ లెక్క కుదరదు. సిమ్ ఒడిశా సర్కిల్‌ది, ఇంట్లో మాట తెలుగు, పెళ్లిబట్టలకు పోయేది విజయనగరమో విశాఖో. ఫోనుకొచ్చేది భువనేశ్వర్ షాపు ప్రకటన, అదీ ఒడియాలో. మొన్న కాశీనగరం నుంచి కూరలమ్మే ఆవిడ రీచార్జికి వచ్చింది. లాక్ తీయకముందే తెర మీద స్కూటర్ బొమ్మ, కింద ఇంగ్లీషు రాత. వేలితో పక్కకు తోస్తే ఇంకో బొమ్మ, దాన్నీ తోస్తే మరోటి. "ఎంత తోసినా పోదేటి బాబూ ఇది?" అంది. ఆ స్కూటర్ వాడిచ్చిన డబ్బులు ఎవరి జేబులోకో పోయాయి గాని, రీచార్జి డబ్బులు ఆవిడే ఇచ్చుకుంది.

ఇక టీవీ సంగతి. టీవీ బొమ్మ ఒకసారి వదిలితే కోటిమంది చూస్తారు. ఇంకో పదిమంది చూసినంత మాత్రాన చానెల్‌కు ఖర్చు పెరగదు. ఫోన్లో అలా కాదు, ఎవరి వాడకం వారిదే, టవరు మోయాల్సిన బరువూ అంతకంత పెరుగుతుంది. పైగా సిగ్నల్ తరంగాల కోసం సర్కారుకు కట్టాల్సిన స్పెక్ట్రమ్ వేలం బాకీలు, కరెంటు పోతే టవరుకు డీజిలు. పైసల్లో పలికే యాడ్లతో అవన్నీ తీరవు. అయితే యూట్యూబు, మ్యాపులు ఇప్పటికే యాడ్ల మీద నడుస్తున్నాయి. ఫోను ధరలో కూడా యాడ్ల చేయి ఉంది. ఫోన్ల వంటి వస్తువుల మీద నికర లాభం 5 శాతం దాటనివ్వమని ఫోన్ల కంపెనీ షావోమీ 2018లో ప్రకటించింది. ఆ లోటు పూడ్చేది యాప్‌లు, ప్రకటనలే మరి.

మీవాడితో వాదన పెట్టుకోవద్దు. సెట్టింగ్స్‌లో ఆ యాప్ ఎంత డేటా తాగిందో చూసి, వచ్చిన పాయింట్ల విలువ పక్కనే రాయమనండి. వీడియో యాడ్ చూడ్డానికి ఖర్చయ్యేది మీ డేటాయే. యాప్ గనక డిపాజిట్ కట్టమన్నా, మెసేజ్‌లు చదివే అనుమతి అడిగినా అప్పటికప్పుడు తీసేయించండి. బ్యాంకు ఓటీపీలు వచ్చేది ఆ మెసేజ్‌లలోనే.

ప్రశ్న: ప్రచార కాల్స్ రాకుండా డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్) పెట్టించాను. అయినా ఫోన్ నిండా యాడ్లు, పైగా లోన్ కాల్స్.
– బరంపురం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు

జవాబు: మాస్టారూ, 1909కి స్టార్ట్ 0 అని పంపితే ఆగేవి ప్రచార కాల్స్, ఎస్సెమ్మెస్‌లే. యాప్‌లలో, లాక్ తెర మీద వచ్చేవాటికీ దానికీ సంబంధం లేదు. లాక్ తెరవి ఫోన్ సెట్టింగ్స్‌లోనే ఆపుకోవాలి, మనవడెవరైనా ఉంటే చేతికివ్వండి. ఇంకా వచ్చే లోన్ కాల్స్ మీద వారం లోపు 1909కే ఫిర్యాదు చేయండి. నంబరు, తేదీ, వాడు ఏమన్నాడో రెండు ముక్కలు రాసి పెట్టుకోండి, అడుగుతారు.